సాటేకు మన చెనక్కాయలు చాలవా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇండోనేషియా వారి ‘సాటే’ తయారీని ఆసక్తితో చదివాను. కోడి ముక్కలను పుల్లలకు గుచ్చి, నిప్పులపై కాల్చి, వేరుశనగ ముద్దతో వడ్డించే ఆ వంటను పరిచయం చేసినందుకు సంతోషమే గాని, ఆ ముద్ద కోసం పీనట్ బటర్ సీసా కొనుక్కోమనడం మాత్రం చెనక్కాయల చేల మధ్య పెరిగిన నాకు మింగుడుపడలేదు.

ఇందులో జిల్లా అభిమానం కొంత ఉన్నమాట నిజమే. నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలు 2022 దాకా మా చిత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచే వచ్చాయి. కాని నా అభ్యంతరం రుచి గురించినది. ఇండోనేషియాలో సంప్రదాయంగా గింజలను వేయించి, మిరప, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలతో నూరి, బెల్లమూ ‘కెచాప్ మానిస్’ అనే తియ్యటి సోయా సాసూ కలిపి ఉడికిస్తారు. వేరుశనగను వారు ‘కచాంగ్ తానా’ అంటారు. ‘తానా’ అంటే నేల. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పంటకు మనవాళ్లు వేరును చూసి పేరు పెడితే వాళ్లు మట్టిని చూసి పెట్టారన్నమాట. ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి నూరే ఇంట్లో ఈ ముద్ద పని సగం తెలిసినట్టే. సీసా సరుకులో చాలావాటికి చక్కెర, గట్టిపరిచే కొవ్వు ముందే కలిపి ఉంటాయి కనుక తీపీ, వేయింపూ రెండూ మన చేతిలో ఉండవు.

అరకిలో మాంసానికి నేను 150 గ్రాముల గింజలు తీసుకుంటాను. ముడతలు పడినవీ, రంగు మారినవీ, బూజు వాసన కొట్టేవీ ఏరి పారేయాలి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం మామూలు వేయింపుతో పూర్తిగా పోదు. మంచి గింజలను సన్నని సెగపై ఎర్రగా వేయించి, పొట్టు నలిపి, చేటలో చెరిగి, పైన చెప్పిన దినుసులతో కొంచెం బరకగా నూరుకోవాలి. కెచాప్ మానిస్ దొరకకపోతే మామూలు సోయా సాస్‌లో చిత్తూరు బెల్లం వేసి చిక్కబడేదాకా కాస్తే సరిపోతుంది. నూరిన ముద్దలో ఇదీ, ఉసిరికాయంత చింతపండు రసమూ, కొద్దిగా నీళ్లూ పోసి, అడుగంటకుండా కలుపుతూ, అంచుల్లో నూనె తేలేదాకా ఉడికించాలి. నూనె తేలడం చూసి దించుకోవడం మన వంటింటికి కొత్తేమీ కాదు.

మాంసం విషయంలోనూ ఒక మాట. మీరు రొమ్ము ముక్కలు వాడమన్నారు. అవి నిప్పుల మీద త్వరగా ఎండి పీచులా మారతాయి. అంగడిలో తొడ మాంసాన్ని ఎముక తీసి అడిగితే ఇస్తారు. దాన్ని అంగుళం ముక్కలుగా కోసి ధనియాలు, పసుపు, వెల్లుల్లి, ఉప్పు పట్టించి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. వెదురు పుల్లలను అరగంట నీళ్లలో నానబెట్టకపోతే ముక్కలకన్నా ముందు అవే కాలతాయి. ఇండోనేషియాలో కొబ్బరి చిప్పల బొగ్గు వాడి, విసనకర్రతో విసురుతూ కాలుస్తారు. కుంపటి ఉన్నవారు ఆ పని హాయిగా చేయవచ్చు. పచ్చి మాంసం నానిన మసాలాను మాత్రం కాలిన ముక్కలపై పూయరాదు. వారు దీన్ని ‘లొంతోంగ్’ అనే అరిటాకులో ఉడికించిన అన్నపు ముద్దతో తింటారు. మేము రాగి సంగటితో తిన్నాం, బాగానే కుదిరింది.

కనుక వచ్చే వారం అనుబంధంలో చిన్న సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. మీ మాట నమ్మి ఇప్పటికే సీసా కొన్నవారు బెల్లం మానేసి, చింతపండు రసం రెట్టింపు చేసి, గుప్పెడు వేయించిన గింజలు దంచి కలుపుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిత్తూరు.