వాగ్దానంతో పాటు అధ్యాయం కూడా చదవండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు 31 రాత్రి మన చర్చిల్లో తలా ఒక బైబిలు వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డులు తీయడం అందరికీ తెలిసిందే. కొత్త ఏడాదికి దేవుడు మన ఇంటికిచ్చిన మాట అదే అనుకుని బీరువా తలుపుకి అంటించుకుంటాం. అది తప్పని నేననను. కానీ ఆ ఒక్క వచనంతోనే ఏడాదంతా నెట్టుకురాలేం, రోజూ బైబిలు తెరిచి నిదానంగా చదివి ధ్యానించుకుంటేనే కష్టంలో నిలబడే బలం వస్తుంది, ఆ మాట చెబుదామనే ఈ ఉత్తరం.

కార్డుల్లో తరచుగా కనిపించేది యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే మాట. చదవగానే ఈ ఏడు అప్పు తీరుతుంది, ఉద్యోగం వస్తుంది అనిపిస్తుంది. అదే అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది బబులోనుకు చెరగా, అంటే బందీలుగా, పోయిన యూదులకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు, వినేవాళ్లకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా మాత్రం 70 ఏళ్లన్నాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు సొంత ఊరు మళ్లీ కళ్లచూడరన్నమాట. మరి వాళ్లు ఏం చేయాలి? అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు.

మావారికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ఆయన మిషన్ మీద ఉన్నంతసేపూ నేను వార్డు బయట కుర్చీలో బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. చూడ్డానికి వచ్చినవాళ్లు త్వరలోనే అంతా బాగైపోతుందంటారు, మంచి మనసుతోనే అంటారు. కానీ నాకు ధైర్యం ఇచ్చింది ఆ చెరలోని వాళ్లకు రాసిన ఉత్తరమే. జబ్బు ఇంట్లో ఉండగానే పెరట్లో వంగ నారు వేసుకోవచ్చు, అమ్మాయికి సంబంధాలు చూడొచ్చు, దేవుడు ఈ ఇంట్లోనే ఉన్నాడు అని దాని వల్లే నమ్మగలిగాను.

టెన్షన్ ఎక్కువైన రోజుల్లో 13వ కీర్తన చదువుతాను. ఆరే వచనాలు. దావీదు ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని దేవుణ్ణి నిలదీస్తాడు, చివరికి "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను" అంటాడు. ఈలోగా అతని కష్టం తీరిందని ఎక్కడా లేదు. వాట్సాప్‌లో పొద్దున్నే పూల బొమ్మ మీద వచ్చే వాక్యాల్లో ఆ ఎన్నాళ్లు అన్న ఏడుపు దాదాపు కనిపించదు, నమ్మిక ఒక్కటే కనిపిస్తుంది. బాధలో ఉన్న మనిషికి రెండూ కావాలి.

ఇంకో మాట, విశ్వాసం ఉంటే మందులెందుకు అని రోగులతో చెప్పేవాళ్లు దయచేసి యెషయా 38వ అధ్యాయం చదవాలి. జబ్బుపడి ప్రార్థిస్తే, ప్రార్థన ఆలకించాను అని దేవుడు చెప్పిన హిజ్కియా రాజుకే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నారు.

ఈ డిసెంబరుకు కార్డులు అచ్చువేయించే పాస్టరు గార్లకు నా మనవి ఒకటే. జనవరి మొదటి వారమంతా కుటుంబ ప్రార్థనలో ఎవరి కార్డు వచ్చిన అధ్యాయం వాళ్లు పూర్తిగా, రోజుకు కొన్ని వచనాల చొప్పున పైకి చదువుకోమని ఆ రాత్రే సంఘానికి చెప్పండి. చదవడం రాని పెద్దవాళ్లుంటే పక్కింటి పిల్లల చేత చదివించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఒంగోలు