ఇయర్‌ బుక్‌లో 2014 అధ్యాయం తప్పులు: వెంటనే సవరించాలని కోరుతూ ఫిర్యాదు

ప్రచురణకర్త గారికి, సంపాదకవర్గానికి నమస్కారం.

గ్రూప్స్ అభ్యర్థుల కోసం మీరు వేసిన ఇయర్‌ బుక్‌లో 2014 సంవత్సరంపై ఉన్న అధ్యాయం, దాని వెనక ఇచ్చిన బిట్ బ్యాంక్ తప్పులతో ఉన్నాయి. అచ్చుతప్పులైతే చదివేవాళ్లే సర్దుకుంటారు. ఇవి విషయంలోనే ఉన్న తప్పులు. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం చేజారే పరీక్షకు పిల్లలు ఈ పుస్తకాన్ని కంఠస్థం చేస్తున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాం.

అన్నిటికంటే పెద్ద తప్పు మలేసియా ఎయిర్‌లైన్స్ విమానం ఎంహెచ్ 17 దగ్గర జరిగింది. జులై 17న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ వెళ్తున్న ఆ విమానాన్ని మీరు ‘విమాన ప్రమాదాలు’ పట్టికలో చేర్చి, కారణం గడిలో ‘సాంకేతిక లోపం లేదా దాడి’ అని రాశారు. అది ప్రమాదం కాదు, కూల్చివేత. అందులో ఉన్న 298 మందీ చనిపోయారు. మృతుల్లో మూడింట రెండు వంతుల మంది నెదర్లాండ్స్ వాళ్లే. తూర్పు ఉక్రెయిన్ మీద ‘బుక్’ అనే, నేల మీద నుంచి విమానాలపై ప్రయోగించే క్షిపణి వార్‌హెడ్ (పేలుడు భాగం) కాక్‌పిట్‌కు ఎడమ పక్కన, కాస్త పైన పేలడంతో విమానం గాలిలోనే ముక్కలైందని నెదర్లాండ్స్ ప్రమాద దర్యాప్తు సంస్థ డచ్ సేఫ్టీ బోర్డు 2015 అక్టోబరు 13న తేల్చింది. ఇందులో ‘లేదా’కు చోటెక్కడిది?

రాజకీయాలను ఒక భాగంలో, ప్రమాదాలను మరో భాగంలో పెట్టడం వల్ల అసలు సంగతి అభ్యర్థికి అందకుండా పోయింది. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు యానుకోవిచ్ రాజధాని కీవ్ వదిలి పారిపోయారు. మార్చి 18న క్రిమియాను రష్యా కలుపుకుంది. ఆ తర్వాత తూర్పు ఉక్రెయిన్‌లోని డొనెట్స్క్, లుహాన్స్క్ ప్రాంతాల్లో యుద్ధం మొదలై ఉక్రెయిన్ సైనిక విమానాలు దాడుల్లో ఒకటొకటిగా కూలాయి. జూన్ 14న లుహాన్స్క్ దగ్గర ఐఎల్-76 రవాణా విమానం కూలి 49 మంది చనిపోయారు. జులై 14న ఆంటొనోవ్-26 వంతు వచ్చింది. అదే రోజు ఉక్రెయిన్ 32,000 అడుగుల లోపు గగనతలాన్ని పౌర విమానాలకు మూసేసింది, ఆ పైన మాత్రం తెరిచే ఉంచింది. మూడు రోజుల తర్వాత ఎంహెచ్ 17 ఎగిరింది 33,000 అడుగుల ఎత్తులో. నిషేధపు గీతకు, ఆ విమానానికి మధ్య వెయ్యి అడుగులే తేడా. ఆ క్షిపణికి అదొక ఎత్తే కాదు. ఆ రోజు గగనతలం పూర్తిగా మూసేదాకా తూర్పు ఉక్రెయిన్ మీదుగా 160 విమానాలు వెళ్లాయి. ముందుజాగ్రత్తగా మొత్తం మూసేయడానికి ఉక్రెయిన్‌కు తగినంత కారణం ఉందని డచ్ నివేదికే చెప్పింది. అభ్యర్థి తెలుసుకోవాల్సింది ఇది. మీ పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

‘డచ్ సేఫ్టీ బోర్డు రష్యాను దోషిగా తేల్చింది’ అన్న వాక్యమూ తప్పే. ఆ బోర్డు పని కారణం చెప్పడం వరకే, దోషులను తేల్చడం కాదు. నేర విచారణ చేసిన సంయుక్త దర్యాప్తు బృందం వేరు. క్షిపణి వ్యవస్థ రష్యా సైన్యపు 53వ విమాన విధ్వంసక బ్రిగేడ్‌దని 2018 మేలో ప్రకటించింది ఆ బృందమే. 2022 నవంబరు 17న డచ్ కోర్టు ముగ్గురికి, వాళ్ల పరోక్షంలో, యావజ్జీవం వేసి నాలుగో వ్యక్తిని నిర్దోషిగా వదిలింది.

కౌలాలంపూర్ నుంచి బీజింగ్ వెళ్తూ మాయమైన మలేసియా ఎయిర్‌లైన్స్ విమానం ఎంహెచ్ 370 విషయానికొస్తే, ‘దక్షిణ చైనా సముద్రంలో కూలింది’ అని రాశారు. అది మొదటి వారం గాలింపు జరిగిన చోటు. మార్చి 8 తెల్లవారుజామున 1.19కి పైలట్ల నుంచి చివరి మాట వినిపించింది. ఉపగ్రహంతో చివరి సంకేతం ఉదయం 8.19కి నమోదైంది. ఈ ఏడు గంటల లెక్క ఆధారంగానే మలేసియా ప్రధాని మార్చి 24న దక్షిణ హిందూ మహాసముద్రం పేరు చెప్పారు. 2015 జులైలో రీయూనియన్ దీవి ఒడ్డున రెక్క భాగమైన ఫ్లాపెరాన్ దొరికింది. కారణం నిర్ధారించలేకపోయామని 2018 జులై నివేదిక తేల్చి చెప్పింది. కారణం గడిలో రాయాల్సింది ‘నిర్ధారణ కాలేదు’ అనే.

డిసెంబరు 28న జావా సముద్రంలో 162 మందితో కూలిన ఎయిర్ ఏసియా విమానం క్యూజెడ్ 8501కు మీరిచ్చిన కారణం ‘తుఫాను’. ఇండోనేసియా దర్యాప్తు సంస్థ వాతావరణాన్ని కారణంగా చూపలేదు. చుక్కాని (విమానం తోక మీద ఉండే, దిశ మార్చే రెక్క) కదలికను అదుపు చేసే యూనిట్‌లో, ఎలక్ట్రానిక్ కార్డు మీద ఒక సోల్డర్ అతుకు పగిలింది. అదే లోపం ఏడాదిలో 23 సార్లు వచ్చింది. ఆ రోజు నాలుగుసార్లు హెచ్చరిక మోగింది. నాలుగోసారి సర్క్యూట్ బ్రేకర్లు లాగి మళ్లీ నొక్కితే ఎలా ఉంటుందో అలాంటి ఆనవాళ్లు రికార్డర్‌లో దొరికాయి. ఆటోపైలట్ ఆగిపోయి, చుక్కాని 2 డిగ్రీలు తిరిగి, విమానం 54 డిగ్రీలు పక్కకు ఒరిగింది. తర్వాత నిటారుగా పైకెక్కి స్టాల్ అయింది, అంటే రెక్కలకు విమానాన్ని నిలబెట్టే బలం పోయింది. చిన్న లోపాన్ని పదేపదే వాయిదా వేస్తే ఏమవుతుందో చెప్పే ఉదంతమిది. ‘తుఫాను’ అన్న ఒక్క మాట దాన్ని పూర్తిగా చెరిపేసింది. జులై 24న మాలిలో 116 మందితో కూలిన ఎయిర్ అల్జీరీ విమానం ఏహెచ్ 5017కూ మీరు ఇసుక తుఫాను అంటగట్టారు. నిజానికి ఇంజిన్ ముందున్న పీడన సెన్సర్లను మంచు స్ఫటికాలు మూసేశాయి, మంచు నివారణ వ్యవస్థ ఆన్‌లో లేదు.

ఇక బిట్ బ్యాంక్ ప్రశ్న: ‘2014లో అత్యధిక ప్రాణనష్టం జరిగిన విమాన ప్రమాదం ఏది?’ కీలో జవాబు ఎంహెచ్ 370, అంటే 239 మంది. మీ పట్టిక ప్రకారమే చూసినా 298 పెద్ద సంఖ్య. కూల్చివేతను పక్కన పెడితే ఎంహెచ్ 370 ప్రమాదమో కాదో ఎవరూ తేల్చలేదు. ఏ దారిన వెళ్లినా ఆ కీ నిలవదు. ప్రశ్ననే తీసేయండి.

రాజకీయాల భాగంలో రెండు సవరణలు చాలు. మార్చి 27న క్రిమియాపై ఐరాస సర్వసభ్య సభ తీర్మానాన్ని భారత్ వ్యతిరేకించిందన్నారు. 100 అనుకూలం, 11 వ్యతిరేకం, 58 తటస్థం అన్న ఓట్ల లెక్కలో భారత్ తటస్థంగా ఉన్న 58 దేశాల్లో ఉంది. జీ-8 నుంచి రష్యాను మార్చి 24న సస్పెండ్ చేశారు, ‘శాశ్వత బహిష్కరణ’ అనడం సరికాదు.

ఈ తప్పులన్నిటికీ మూలం ఒకటే. కారణాలను ఘటన జరిగిన వారంలోని పత్రికల నుంచి ఎత్తి, తర్వాతి ముద్రణల్లోనూ అలాగే ఉంచేశారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైతే 12 నెలల్లో తుది నివేదిక రావాలి. తుది నివేదిక వచ్చేదాకా గడిలో ‘దర్యాప్తులో ఉంది’ అని వేసి, వచ్చాక దాని తేదీతో సహా మార్చడం ఒక ఉపసంపాదకుడికి ఒక పూట పని.

అమ్ముడుపోని ప్రతులన్నిటిలో తప్పొప్పుల పట్టిక అతికించండి. కొన్నవాళ్లకు అదే పట్టికను పీడీఎఫ్‌గా ఉచితంగా ఇవ్వండి. ఎంహెచ్ 17ను పట్టిక నుంచి తీసి ఉక్రెయిన్ సంఘటనలున్న రాజకీయాల భాగంలోకి మార్చండి. వచ్చే ముద్రణకు ముందు ఈ అధ్యాయం ప్రూఫ్ మాకు పంపితే రుసుమేమీ తీసుకోకుండా సరిచూసి పెడతాం. పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
అభ్యర్థులకు వర్తమాన వ్యవహారాలు బోధిస్తున్న అధ్యాపకులం