కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

వీధి దీపాల మరమ్మతు, ఉగాది, వినాయక చవితి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారి పత్రంలో ఉన్నాయి. నేను వివరంగా చెప్పదలచుకున్నది మన హాలు బుకింగును కంప్యూటర్‌లోకి మార్చిన సంగతి.

మొదట చేయించిన యాప్ రెండు నెలలకే మూలపడింది. తప్పు మనదే. ‘బుకింగు, రసీదు, నెల చందా’ అని అర పేజీ రాసిచ్చాం, వాళ్లు అదే చేసిచ్చారు. కానీ మన శుభలేఖల్లో ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని ఉంటుంది. రాత్రి 1.40 ముహూర్తాన్ని యాప్ రెండు తేదీలుగా లెక్కగట్టి రెండు రోజుల అద్దె వేసింది. పెళ్లికూతురి తండ్రి ఆ రసీదు బల్లమీద పెట్టి, మాట్లాడకుండా నిలబడిన రోజు నేను మరచిపోలేను.

మన సభ్యులలో ఒకరి కోడలు ఐటీ కంపెనీలో బిజినెస్ అనలిస్టు. అడగగానే నాలుగు ఆదివారాలు మనకు కేటాయించారు. ఆమె ముందుగా కంప్యూటర్ తెరవలేదు, గుమాస్తా గారి పక్కన కూర్చుని పాత రిజిస్టరు తిరగేశారు. ఒక పేరు కొట్టేసి పక్కన ‘మై’ అని ఉండటం చూసి, “ఇదేమిటండీ?” అని అడిగారు. మైల వచ్చి పెళ్లి ఆగిపోతే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇవ్వడం మన ఆనవాయితీ. అది నిబంధనావళిలో లేదు, కార్యవర్గంలో ఎవరమూ చెప్పలేదు. గుమాస్తా గారికి మాత్రం అది రోజువారీ పని కనుక, తనంతట చెప్పాలని తోచలేదు.

“బిజినెస్ అనలిస్టు కోడు రాయరు, మేనేజరూ కాదు, మరి చేసేదేమిటి?” అని అడిగేవారికి ఇదే జవాబు. పని చేసేవారి తలలో ఉన్నదాన్ని బయటికి తీసి, ప్రోగ్రామర్‌కు రెండో అర్థం రాకుండా రాసివ్వడం. ఆమె రాసిన వాక్యం ఒకటి: ‘ముహూర్తం అర్ధరాత్రి దాటినా, సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం వరకు ఒక్క రోజు అద్దే పడాలి.’ పని పూర్తయ్యాక సరిచూసుకోవడానికీ అదే వాక్యం కొలబద్ద అయింది. పాత రిజిస్టరులోని చిక్కు బుకింగులను గుమాస్తా గారే కొత్త యాప్‌లో వేసి చూసి, సరే అన్నాకే వాడకంలోకి తెచ్చాం.

కార్యవర్గం కోరికల చిట్టా చాలా పెద్దది. దాన్ని ఆమె తప్పనిసరి, అవసరం, ఉంటే మంచిది, ఇప్పుడు వద్దు అని నాలుగు భాగాలు చేశారు. అధ్యక్షుల వారు ముచ్చటపడిన పుట్టినరోజు శుభాకాంక్షలు నాలుగో భాగంలోకి వెళ్లాయి. పెద్దల మాటను నొప్పించకుండా వాయిదా వేయడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన నేర్పు అని నాకు అనిపించింది.

ఆ తర్వాత మన పిల్లలకు ఆమె శనివారం తరగతులు పెట్టారు. పని జరిగే తీరును బొమ్మగా గీయడం, ఎస్‌క్యూఎల్ అనే, డేటాబేస్‌ను ప్రశ్నించే కంప్యూటర్ భాషతో డేటా చూసుకోవడం, అన్నిటికంటే ఎక్కువగా ప్రశ్న అడగడం నేర్పారు. బీకాం చదివిన పిల్లలు, బ్యాంకులో పనిచేసినవారు బాగా రాణించారు, ఎందుకంటే వారికి వ్యవహారం ముందే తెలుసు. 2003లో టొరంటోలో మొదలైన ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిజినెస్ అనాలసిస్ ఇచ్చే ఈసీబీఏ అనే ప్రవేశ స్థాయి ధ్రువపత్రానికి అనుభవం అక్కర్లేదు. అదే సంస్థ ఇచ్చే పైస్థాయి ధ్రువపత్రం సీబీఏపీకి 7,500 గంటల పని అనుభవం కావాలి. లేని అనుభవాన్ని బయోడేటాలో రాయించే శిక్షణ కేంద్రాల జోలికి మన పిల్లలను పోనివ్వవద్దని తల్లిదండ్రులను చేతులెత్తి వేడుకుంటున్నాను.

వచ్చే ఏడాది నీటి ట్యాంకర్ల వంతులను యాప్‌లోకి తెస్తాం. మీ దగ్గర పాత ట్యాంకరు చీటీలు ఉంటే, చిరిగినవైనా సరే, ఆదివారం ఉదయం గుమాస్తా గారికి అందజేయండి.

ఇట్లు,
కార్యదర్శి