వేదిక మీద పాటకు దారి చూపండి: కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు.

కాపీరైట్ చట్టం అమలు 2016 నుంచి మీ శాఖ చూస్తోంది. అందుకే పాటల గురించిన ఈ లేఖను సాంస్కృతిక శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు గాయకుడిగా యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అప్పుడే ఇళయరాజా గారి తరఫు న్యాయవాది నుంచి ఆయనకు నోటీసు అందింది. ఇళయరాజా స్వరపరచిన పాటలను అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని దాని సారాంశం. అలాంటి నోటీసులే గాయని చిత్ర గారికి, బాలసుబ్రహ్మణ్యం గారి కుమారుడు చరణ్ గారికి, కచేరీల నిర్వాహకులకు కూడా వెళ్ళాయి. ఇలాంటి నిబంధన ఒకటి ఉందని తనకు తెలియదని, చట్టం అదే అయితే శిరసావహిస్తానని, మిగతా సంగీత దర్శకుల పాటలు పాడి కచేరీ పూర్తిచేస్తానని బాలు గారు ఫేస్‌బుక్‌లో రాశారు. దీని మీద ఎవరూ కఠినంగా మాట్లాడుకోవద్దని అభిమానులను కోరారు కూడా.

ఆ కోరిక చాలామంది చెవికి ఎక్కలేదు. బాణీ కట్టినవాడిదే పాట అని ఒక వర్గం, ఆ గొంతు లేకపోతే ఆ బాణీ మా దాకా వచ్చేదా అని మరో వర్గం తెల్లవార్లూ వాదించుకున్నాయి. ఒకరిని పొగడడానికి ఇంకొకరిని తక్కువ చేయాల్సి వచ్చింది. ఏ పాట తీసుకున్నా ఇద్దరూ కలిసే వినిపిస్తారు. అలాంటి పాటల మధ్య పెరిగినవాళ్ళను ఏదో ఒక పక్షం ఎంచుకోమనడం ఎంత అన్యాయమో మీకు చెప్పనక్కరలేదు.

వాళ్ళిద్దరూ మళ్ళీ కలిశారు కదా, ఇప్పుడు ఎందుకు ఈ ప్రస్తావన అని మీరు అడగవచ్చు. అవును, కలిశారు. 2019 జూన్ 2న ఇళయరాజా పుట్టినరోజు నాడు చెన్నైలో జరిగిన సంగీత విభావరిలో బాలు గారు పాడారు. కానీ వాళ్ళను విడదీసిన కారణం మాత్రం అలాగే మిగిలిపోయింది. రేపు మరో ఇద్దరి మధ్య అదే చిచ్చు రగలవచ్చు. నా గోడు అదే.

వాళ్ళ స్నేహం సినిమాల కంటే పాతది. బాలు గారు నడిపిన పాటల బృందంలో ఇళయరాజా మొదట గిటార్, తర్వాత హార్మోనియం వాయించారు. ఇళయరాజా సోదరులు భాస్కర్, గంగై అమరన్ కూడా ఆ బృందంలోనే ఉండేవారు. ఒకరు ఇంకా సంగీత దర్శకుడు కాలేదు, మరొకరికి పెద్ద పేరు రాలేదు. అప్పుడు వాళ్ళకు అన్నం పెట్టింది వేదిక. 2020 ఆగస్టులో బాలు గారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, త్వరగా లేచి రమ్మంటూ ఇళయరాజా ఒక వీడియో విడుదల చేశారు. తమ అనుబంధం సినిమాతో మొదలు కాలేదని, కచేరీలతో మొదలైందని అందులో ఆయనే గుర్తుచేసుకున్నారు. అలా వేదిక మీద పుట్టిన స్నేహం, వేదిక మీద పాడే పాట గురించే తెగింది. ఆ ఏడాది సెప్టెంబరు 25న బాలు గారు వెళ్ళిపోయారు. నోటీసు నాటికి ఆయనకు 70 ఏళ్ళు, ఇళయరాజాకు 73. ఆ వయసులో రెండేళ్ళ ఎడబాటు చిన్నది కాదు. ఆ రెండేళ్ళలో వాళ్ళు కలిసి ఎన్ని పాటలు చేసేవారో ఎవరు చెప్పగలరు?

తెలుగువాళ్ళకు ఈ జంట ఇచ్చినది ఎంతో మీకు రెండు సినిమాలతో చెబుతాను. 1983లో వచ్చిన సాగర సంగమానికి ఇళయరాజాకు ఉత్తమ సంగీత దర్శకుడిగా, బాలు గారికి ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డులు వచ్చాయి. 1988లో రుద్రవీణకు మళ్ళీ ఇద్దరికీ అవే అవార్డులు. రెండూ తెలుగు సినిమాలే. మొదటి దానికి వేటూరి, రెండో దానికి సిరివెన్నెల సీతారామశాస్త్రి పాటలు రాశారు. బాణీ, మాట, గొంతు ఇంతగా కలిసిపోయిన పాటలో ఒకరి వాటాను ఇంకొకరి వాటా నుంచి విడదీసి చూపడం ఏ శ్రోతకూ సాధ్యం కాదు. ఆ పని చట్టమే చేయాలి. చేసింది కూడా, కాకపోతే ఆలస్యంగా, సగం సగంగా.

ఆ నోటీసు పంపినందుకు ఇళయరాజా గారిని నిందించడానికి నేను కలం పట్టలేదు. ఆయన మొదటి సినిమా 1976లో వచ్చింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న సంగీతానికి వేరే ఒప్పందం లేనప్పుడు నిర్మాతే మొదటి యజమాని అని తీర్పు ఇచ్చింది. అంటే ఆయన వందల సినిమాలకు బాణీలు కట్టిన కాలమంతా ఆ తీర్పు నీడలోనే గడిచింది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో గానీ స్వరకర్తకు, గీతరచయితకు రాయల్టీ హక్కు గట్టిపడలేదు. సినిమా హాలులో ప్రదర్శన మినహా పాట మరే రూపంలో వాడుకలోకి వచ్చినా రాయల్టీలో వాళ్ళకు సమాన వాటా ఉండాలని, ఆ హక్కును వారసులకు, కాపీరైట్ సంఘానికి తప్ప మరెవరికీ రాసివ్వడానికి వీల్లేదని పార్లమెంటు చెప్పింది. 2019 జూన్‌లో మద్రాసు హైకోర్టు కూడా ఇళయరాజాకు తన స్వరరచనల మీద ప్రత్యేకమైన నైతిక హక్కు ఉందని గుర్తించింది. టికెట్లు అమ్మి చేసే కచేరీలో బాణీ కట్టినవారికి వాటా రావాలన్న మాటలో తప్పేమీ లేదు. జీవితమంతా ఆ వాటా అందని మనిషి కాస్త గట్టిగా అడిగితే నాకు అర్థమవుతుంది.

అలాగే బాలు గారి నొప్పి కూడా అర్థమవుతుంది. మన చట్టంలో గాయకుడికి, వాద్యకారుడికి ప్రదర్శకులుగా హక్కు 1994 సవరణతోనే వచ్చింది. నేను పైన చెప్పిన రెండు సినిమాలూ అంతకుముందువే. ఆ పాటల్లోని గొంతు మీద ఆ గొంతు యజమానికి చట్టం ఏమీ ఇవ్వలేదు. దాని మీద దేశం మొత్తం చప్పట్లు కొట్టింది, ప్రభుత్వం పతకం ఇచ్చింది. అయినా ఆ పాటను వేదిక మీద పాడాలంటే ఇంకొకరి అనుమతి కావాలన్న సంగతి ఆయనకు యాభై ఏళ్ళ తర్వాత ఒక న్యాయవాది కాగితం ద్వారా తెలిసింది. 1977 నాటి అదే తీర్పుకు న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా కొన్ని మాటలు జోడించారు. పాటకు ప్రాణం పోసే గాయకుడికి మన చట్టంలో చోటు లేదని, పార్లమెంటు దీని గురించి ఆలోచించాలని ఆయన అప్పుడే అన్నారు. పార్లమెంటు ఆ సూచనను అందుకోవడానికి పదిహేడేళ్ళు పట్టింది.

హిందీ పాటల లోకంలో ఇంతకంటే పాత గాయం ఒకటి ఉంది. 1960లలో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీ రావాలని పట్టుబట్టారు. పాడినందుకు డబ్బు తీసుకున్నాక ఇక అడగడానికేముందని మహమ్మద్ రఫీ అభిప్రాయం. ఇద్దరూ మంచి మనసుతోనే మాట్లాడారు. అయినా కొన్నేళ్ళపాటు వాళ్ళ యుగళగీతాలు ఆగిపోయాయి. అక్కడా గాయకుల రాయల్టీ గురించి చట్టంలో ఒక్క ముక్క ఉండి ఉంటే ఆ ఇద్దరూ వాదించుకోవాల్సిన పనే ఉండేది కాదు. నియమం రాయవలసిన చోట రాయకపోతే, ఆ ఖాళీలోకి మనుషుల మధ్య ఉన్న ప్రేమ జారిపోతుంది. మా అభిమానులు ఎవరి అహంకారం ఎంత అని లెక్కలు వేస్తూ ఉంటారు. నా దృష్టిలో ఈ తగాదాలకు అహంకారం కంటే అస్పష్టతే పెద్ద కారణం.

ఇప్పుడు వేదిక మీద పాట సంగతి ఎలా ఉందో చూడండి. పాటకు, బాణీకి అనుమతులు ఇచ్చే కాపీరైట్ సంఘం ఒకటి ఉంది, ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్ఎస్). 1969లో మొదలైన ఆ సంఘం 2012లో సవరించిన చట్టం ప్రకారం 2017లో తిరిగి నమోదైంది. ఇలాంటి సంఘాలు తమ రుసుముల పట్టికను బయటపెట్టాలని కాపీరైట్ చట్టంలోని 33ఏ సెక్షను చెబుతోంది. బాగుంది. అయితే హక్కుదారు సంఘంలో చేరకుండా తానే సొంతంగా అనుమతులు ఇచ్చుకోవచ్చు. అలాంటప్పుడు ఆయన ఎంత అడుగుతారు, ఏయే పాటలు ఆయనవి, ఎవరికి దరఖాస్తు చేయాలి అన్నవి ఎక్కడా ప్రకటించాల్సిన పని లేదు. ఒక పాట ఆడియో కంపెనీదని ఒకరు, సంగీత దర్శకుడిదని మరొకరు, నిర్మాతదని ఇంకొకరు అంటారు. ఇది తేల్చడానికి ఒకప్పుడు కాపీరైట్ బోర్డు ఉండేది. దాన్ని 2017లో మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డులో కలిపారు. 2021లో ఆ బోర్డునే రద్దుచేసి పనిని హైకోర్టులకు అప్పగించారు. కావలి పట్టణంలో వినాయక చవితి పందిట్లో పాడే ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక సందేహం తీర్చుకోవడానికి హైకోర్టు మెట్లు ఎక్కగలరా?

ఆ ఆర్కెస్ట్రాల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే పెద్దల తగాదాలో నలిగేది వాళ్ళే. బాలు గారి సొంత ఊరైన నెల్లూరులో ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. అలాంటి చోట పాట నేర్చుకున్న పిల్లలు రేపు బయటికి వచ్చి ఏం చేస్తారు? అందరికీ సినిమాల్లో అవకాశం రాదు. కీబోర్డు, ప్యాడ్లు, తబలా, ఇద్దరు గాయకులు కలిసి ఒక బృందం కడతారు. ఊరి తిరునాళ్ళలో, అపార్ట్‌మెంట్ల వేడుకల్లో, క్లబ్బుల వార్షికోత్సవాల్లో పాడతారు. బాలు గారూ, ఇళయరాజా గారూ మొదలుపెట్టింది అచ్చంగా అలాగే. చట్టంలో వీళ్ళకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నిజమైన మతపరమైన కార్యక్రమంలో, ప్రభుత్వం జరిపే అధికారిక వేడుకలో, పెళ్ళిలో పాడితే అనుమతి అక్కరలేదు. డబ్బు తీసుకోని ప్రేక్షకుల ముందు ఔత్సాహికుల క్లబ్బు పాడినా అంతే. ఈ సంగతి ఎంతమంది ఆర్కెస్ట్రావాళ్ళకు తెలుసు? తెలియకపోవడం వల్ల అక్కరలేని చోట డబ్బు కట్టేవాళ్ళూ ఉన్నారు, అవసరమైన చోట కట్టకుండా ఇబ్బందుల్లో పడేవాళ్ళూ ఉన్నారు.

మీ శాఖ తలచుకుంటే ఇది చేయగలదని నాకు నమ్మకం కలిగించిన సంగతి ఒకటుంది. పెళ్ళిళ్ళలో పాటలు వేసినందుకు హోటళ్ళను, మండపాలను డబ్బు అడుగుతున్నారని ఫిర్యాదులు వచ్చినప్పుడు, 2023 జూలైలో మీ శాఖ ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చింది. పెళ్ళి వేడుకల్లో సంగీతానికి లైసెన్సు అవసరం లేదని, ఎవరూ ఆ పేరుతో వసూలు చేయకూడదని చెప్పింది. చట్టంలో ఒక్క అక్షరం మార్చకుండానే ఎందరికో ఊరట దొరికింది. వేదిక కచేరీలకు కూడా అలాంటి స్పష్టత ఇవ్వండి.

డబ్బు తీసుకుని జరిపే కచేరీకి అనుమతి తెచ్చే బాధ్యత నిర్వాహకుడిదే అని స్పష్టంగా ప్రకటించండి. పారితోషికం తీసుకుని పాడడానికి వచ్చిన గాయకుడి ఇంటికి, వాద్యకారుడి ఇంటికి ముందుగా నోటీసు వెళ్ళే పరిస్థితి ఉండకూడదు. 2017లో అందరినీ ఎక్కువగా నొప్పించినది ఇదే. నోటీసు ఒక నిర్వాహక సంస్థకు మాత్రమే వెళ్ళి ఉంటే అది వ్యాపార వ్యవహారంగా ముగిసేది, పాత మిత్రుడి పేరు మీద వచ్చేసరికి ఇంటి తగాదా అయింది. అలాగే సొంతంగా అనుమతులు ఇచ్చుకునే హక్కుదారులు కూడా, అది మహా సంగీత దర్శకుడైనా ఆడియో కంపెనీ అయినా, తమ పాటల జాబితాను, రుసుమును బహిరంగంగా పెట్టేలా నిబంధన తీసుకురండి. హాలు పరిమాణాన్ని బట్టి, టికెట్ ధరను బట్టి రుసుము ఉండాలి. యాభై మంది వినే మిద్దె మీది కచేరీకీ, అమెరికాలో వేలమంది వచ్చే హాలుకూ ఒకే లెక్క పనికిరాదు.

పాటల జాబితా అన్నాను కనుక ఇంకో మాట. పాత తెలుగు పాటలకు ఫోన్లలోని యాప్‌లలో గీతరచయిత పేరు తరచుగా కనిపించదు. రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల జంటల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 1990లలో వాళ్ళు విడిపోయారు, రాజ్ గారు 2023లో కన్నుమూశారు. జంటగా చేసిన పాట ఇద్దరి ఉమ్మడి రచన. ఆ జంట విడిపోయినా, అందులో ఒకరు లేకపోయినా పాట కింద రెండు పేర్లూ ఉండాలి, రాబడిలో రెండు కుటుంబాలకూ భాగం అందాలి. కాపీరైట్ కార్యాలయంలో దక్షిణాది భాషల పాటలకు ఒక నమ్మకమైన పట్టిక ఉంటే, ఏ బాణీ ఎవరిదని అభిమానులు జుట్లు పట్టుకోవాల్సిన పని ఉండదు.

తగాదా వచ్చినప్పుడు కోర్టుకు ముందు కూర్చుని మాట్లాడుకునే చోటు కూడా కావాలి. చెన్నైలో ఒకటి, హైదరాబాదులో ఒకటి, సంగీతం తెలిసినవారు, చట్టం తెలిసినవారు కలిసి ఉండే మధ్యవర్తిత్వ వేదికలు ఏర్పాటు చేయండి. డెబ్బై ఏళ్ళ కళాకారులకు పదేళ్ళ వ్యాజ్యం ఇచ్చి ఏం లాభం? గెలిచిన తీర్పు చేతికి వచ్చేసరికి అవతలి మనిషి ఉండడు.

ఈ విషయంలో సలహా అడగడానికి మీరు దూరం వెళ్ళక్కరలేదు. ఇళయరాజా గారు 2022లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మా తెలుగు రచయిత విజయేంద్రప్రసాద్ గారూ అదే సమయంలో నామినేట్ అయ్యారు. హక్కు కోసం పోరాడిన పెద్దమనిషి, ఆ పోరాటంలో మిత్రుణ్ణి రెండేళ్ళు దూరం చేసుకున్న మనిషి కూడా అయిన ఇళయరాజా గారి అనుభవం కంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు. ఆయనను అడగండి. గాయకుల సంఘాలను, ఊళ్ళలో తిరిగే ఆర్కెస్ట్రాలవాళ్ళను కూడా అడగండి. ముసాయిదా తయారయ్యాక దాన్ని ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగులో, తమిళంలో కూడా ప్రచురించి అభిప్రాయాలు కోరండి. నెల్లూరులోనో, రాజమహేంద్రవరంలోనో, వరంగల్‌లోనో హార్మోనియం వాయించుకుంటూ బతికే ఒక పెద్దాయన తన భాషలో చదువుకుని, తన భాషలో జవాబు రాయగలగాలి. అలాంటి జవాబులు మీకు చాలా వస్తాయి.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,

ఒక తెలుగు శ్రోత