రాయడం నేర్పని ఇంగ్లీషు తరగతులు

సంపాదకులకు నమస్కారం.

మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు మొదటి భాగంగా తమిళమో తెలుగువంటి మరో భాషో, రెండో భాగంగా ఇంగ్లీషూ చదువుతారు. పెరంబూరు వైపు తెలుగు ఇళ్లనుంచి వెళ్లే చాలామంది పిల్లలకు ఇంగ్లీషు రాయడం నేర్చుకునేందుకు మిగిలిన అవకాశం ఈ రెండో భాగమే. నేను చూసినంతలో అక్కడ ఎక్కువగా జరుగుతున్నది పద్యాల సారాంశాన్ని నోట్సుగా చెప్పి రాయించడమే. మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే ఒక అమ్మాయి ఒక ఆంగ్ల కవితపై మూడు పేజీల వ్యాసాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పింది గాని, ఫీజు రాయితీ కోరుతూ ప్రిన్సిపాలుకు నాలుగు వాక్యాల అర్జీ సొంతంగా రాయలేక కలం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. చివరకు రాసినదానిలో 'ఎ', 'ది' ఒక్కచోటా లేవు. తెలుగులో ఆర్టికల్స్ లేవు, మన క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. కాబట్టి ఆ తప్పులు సహజం, రెండు భాషల వాక్యాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలావరకు దిద్దుకోగలిగినవి.

సాహిత్యాన్ని తీసేయమని నేను కోరడం లేదు. మంచి కథలు చదవనివారికి మంచి వాక్యం అబ్బదని గట్టిగా నమ్మేవాణ్ణి. రచనకు విడిగా పీరియడ్లు కేటాయించి, విద్యార్థులను చిన్న జట్లుగా విడదీసి, రాసినదాన్ని దిద్ది తిరిగి ఇచ్చి మళ్లీ రాయించాలని, ఆ రెండో ప్రతికి కూడా మార్కులు ఉండాలని పాఠ్యప్రణాళికా సంఘాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
పెరంబూరు, చెన్నై