అంతరిక్ష వాతావరణ హెచ్చరికల్లో ధ్రువ స్ట్రాటోస్ఫియర్‌నూ చేర్చాలి

సంపాదకులకు,

చలి ముదిరిన ప్రతిసారీ వార్తల్లో 'పోలార్ వోర్టెక్స్' (ధ్రువ సుడి) అనే మాట వినబడుతోంది. హైదరాబాద్‌ను వణికించేది ఉత్తరం, ఈశాన్యం నుంచి వీచే పొడిగాలులు, మబ్బు లేని రాత్రులు. దాన్ని నేరుగా ధ్రువ సుడికి అంటగట్టడం సరికాదు. అయితే ఆ సుడి చెదిరినప్పుడు మన నెత్తిమీద వంద కిలోమీటర్ల పైన నిజంగానే మార్పు వస్తుంది. భూముల సర్వేకు, ఉపగ్రహ నావిగేషన్‌కు సంబంధించిన ఆ సంగతి మాత్రం పత్రికల్లో దాదాపు కనబడదు.

శీతాకాలంలో ఉత్తర ధ్రువం చుట్టూ, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున, స్ట్రాటోస్ఫియర్ అనే పొరలో, పడమటి గాలులు బలంగా తిరుగుతుంటాయి. ధ్రువ సుడి అంటే ఇదే. పెద్ద పర్వతశ్రేణుల వల్ల, నేలకూ సముద్రానికీ మధ్య ఉష్ణోగ్రత తేడాల వల్ల పుట్టే వేల కిలోమీటర్ల పొడవైన అలలు అక్కడిదాకా వెళ్లి విరిగితే ఆ గాలుల జోరు పడిపోతుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, గాలి పీడనం 10 హెక్టోపాస్కల్ ఉండే మట్టంలో (దాదాపు ఆ 30 కిలోమీటర్ల ఎత్తులోనే) సగటు గాలి తూర్పు నుంచి వీచడం మొదలైతే దాన్ని పెద్ద ఘటనగా లెక్కిస్తారు. ధ్రువం మీద గాలి కిందికి దిగి, నొక్కుకుపోయి, కొద్ది రోజుల్లోనే పదుల డిగ్రీలు వేడెక్కుతుంది. 1952లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్హాగ్ బెలూన్ కొలతల్లో దీన్ని తొలిసారి గుర్తించారు. ఉత్తరార్ధగోళంలో ఇలాంటివి పదేళ్లకు సుమారు ఆరు వస్తాయి.

ఆ వేడి పాకుతూ మనదాకా రాదు. అదే సమయంలో భూమధ్యరేఖ మీది స్ట్రాటోస్ఫియర్ కొద్దిగా చల్లబడుతుంది కూడా. మనదాకా వచ్చేవి ఆటుపోట్లు. సముద్రానికి ఉన్నట్టే గాలికీ సూర్యుడి వల్ల, చంద్రుడి వల్ల ఆటుపోట్లు ఉంటాయి. చంద్రుడి వల్ల వచ్చేదాని ఆవృత్తి కాలం 12 గంటల 25 నిమిషాలు. మామూలు రోజుల్లో అది చాలా చిన్నది. ధ్రువ గాలులు తిరగబడినప్పుడు వాతావరణపు సహజ కంపన కాలం ఆ విలువకు దగ్గరగా జరుగుతుంది. ఊయల ఊగే లయకు సరిగ్గా చెయ్యి కలిపినట్టు చిన్న తోపుకే పెద్ద ఊపు వస్తుంది. సూర్యుడి వల్ల కలిగే పన్నెండు గంటల ఆటుపోటు కూడా బలపడుతుంది.

ఈ ఊపు 100 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలులు అక్కడి విద్యుత్ ప్రవాహాన్నే మార్చేస్తాయి. అయస్కాంత భూమధ్యరేఖ వెంట పగటిపూట తూర్పుకు సాగే ఎలక్ట్రోజెట్ అనే విద్యుత్ ప్రవాహం పొద్దున బలపడి, మధ్యాహ్నం నీరసిస్తుంది. ఒక్కోసారి దాని దిశ ఎదురు తిరుగుతుంది. పొద్దున ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్లతో నిండిన గాలి) మామూలు కంటే ఎక్కువ ఎత్తుకు లేచి, రెండు వైపులా జారి దిగుతుంది. మధ్యాహ్నం ఆ ఫౌంటెన్ కుంగిపోతుంది. 2008 జనవరిలో పెరూలోని హీకమార్కా రాడార్ ఈ పన్నెండు గంటల తీరును స్పష్టంగా చూసింది. 2009 జనవరిలో ధ్రువం మీద ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు పైగా పెరిగాక, దక్షిణ అమెరికా మీద మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య 50 నుంచి 150 శాతం దాకా మారింది. అప్పుడు సూర్యుడు నిద్రపోతున్నట్టే ఉన్నాడు, భూఅయస్కాంత తుఫానూ లేదు. సౌరజ్వాలలనూ, భూఅయస్కాంత అలజడిని కొలిచే కేపీ సూచికనూ మాత్రమే చూసే హెచ్చరిక వ్యవస్థ అలాంటి రోజులను 'ప్రశాంతం' అని ప్రకటిస్తుంది. మా అభ్యంతరం సరిగ్గా అక్కడే.

ఉపగ్రహ సంకేతం ఆ ఎలక్ట్రాన్ల గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. జీపీఎస్ వాడే ఎల్1 పౌనఃపున్యంలో ఒక్కో టెక్ యూనిట్ (మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్యకు కొలమానం) మార్పుకు దూరం లెక్క 16 సెంటీమీటర్లు తేడా పడుతుంది, ఎల్5లో 29. ఇరవై యూనిట్ల మార్పు ఎల్1లో నిట్టనిలువుగా 3 మీటర్లకు పైమాటే. దిగంతానికి దగ్గరగా ఉన్న ఉపగ్రహాలకు అది మూడింతల దాకా పోవచ్చు. రెండు పౌనఃపున్యాల రిసీవర్ ఇందులో చాలా భాగం తీసేస్తుంది గానీ ఆర్టీకే సర్వేలో (తెలిసిన చోట పెట్టిన 'బేస్' రిసీవర్‌తో పోల్చి, పొలంలో తిప్పే 'రోవర్' స్థానాన్ని సెంటీమీటర్లలో తేల్చే పద్ధతి) ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్ అయస్కాంత భూమధ్యరేఖకూ, ఉత్తరాన ఎలక్ట్రాన్లు పోగయ్యే శిఖరానికీ మధ్య ఏటవాలులో ఉంది. బేస్, రోవర్ ఉత్తర దక్షిణాలుగా దూరంగా ఉంటే రెండింటి మీది ఎలక్ట్రాన్ల లెక్క ఒకటి కాదు. అప్పుడు పరికరం 'ఫ్లోట్'లోనే, అంటే స్థానం కచ్చితంగా తేలని స్థితిలోనే, ఆగిపోతుంది. అంతకంటే ప్రమాదం తప్పుడు 'ఫిక్స్' (స్థానం తేలిపోయిందని పొరపాటుగా చూపడం), ఎందుకంటే తెరమీద అంతా బాగానే కనబడుతుంది. మధ్యాహ్నం కన్నా పొద్దున పూట మేలన్న అలవాటు లెక్క కూడా ఆ రోజుల్లో తప్పుతుంది. పైగా ఆ తీరు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది.

తెలంగాణ భూ రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టం రిజిస్ట్రేషన్లకు సర్వే పటం జతచేసే ఏర్పాటు పెట్టింది. ఆకాశం తేటగా ఉన్న జనవరి నుంచి మార్చి దాకా సర్వేకు అనువైన కాలం. ధ్రువం వేడెక్కేదీ ఎక్కువగా అప్పుడే. గట్టు తగాదాలో పది సెంటీమీటర్లు చిన్న విషయం కాదు.

ధ్రువ గాలుల తిరుగుబాటును వాతావరణ నమూనాలు వారం, పది రోజుల ముందే పసిగట్టగలుగుతున్నాయి. మన దగ్గర ప్రభావం ఆ తర్వాత కొద్ది రోజులకు మొదలవుతుంది. అంటే హెచ్చరికకు వ్యవధి ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా రోజూ నాలుగు విలువలు ప్రచురిస్తే చాలు: 60 డిగ్రీల దగ్గరి గాలి, ధ్రువ ఉష్ణోగ్రత, తిరునల్వేలి అయస్కాంత కొలతలోంచి అలీబాగ్ కొలత తీసేస్తే వచ్చే ఎలక్ట్రోజెట్ బలం, హైదరాబాద్ మీది ఎలక్ట్రాన్ల సంఖ్య నెల మధ్యస్థం నుంచి ఎంత తప్పిందన్నది. భూఅయస్కాంత కొలతలకు భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, జీపీఎస్ అధ్యయనానికి ఉస్మానియా, సర్వే శిక్షణకు ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా సంస్థ ఈ ఊళ్లోనే ఉన్నాయి. గాదంకి వాతావరణ రాడార్ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. వీటి మధ్య ఒప్పందం కుదిర్చే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి.

సర్వే శాఖ ఈలోగా చేయదగినవి ఉన్నాయి. బేస్‌ను పది కిలోమీటర్లలోపు ఉంచాలి. ప్రతి మూలరాయినీ కనీసం మూడు నాలుగు గంటల తేడాతో రెండుసార్లు, పరికరాన్ని మళ్లీ మొదటినుంచి ఫిక్స్ చేసి కొలవాలి. మర్నాడు అదే వేళకు కొలిచి సరిపోయిందనుకోవడం చాలదు. పొద్దున, మధ్యాహ్నం తెలిసిన కంట్రోల్ పాయింట్ మీద సరిచూసుకోవాలి. 15 డిగ్రీల కంటే కింద ఉన్న ఉపగ్రహాలను వదిలేయాలి. రేపు వివాదం వస్తే తిరిగి లెక్కకట్టేందుకు వీలుగా, పటంతో పాటు ముడి రైనెక్స్ ఫైలు (రిసీవర్ నమోదు చేసిన అసలు కొలతలు), కొలిచిన వేళ, బేస్ దూరం మండల కార్యాలయంలో భద్రపరచాలి.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు, తార్నాక, హైదరాబాద్