సంగీత సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

నెలనెలా కచేరీలు ఎప్పటిలాగే నడిచాయి. ఒంగోలు ఎండలకు వేసవిలో రెండు నెలలు ఆపాం. శ్రీరామనవమికి గాత్రం, దసరాకు వేణువు పెట్టాం. అవన్నీ మీరు విన్నవే. పుష్య బహుళ పంచమినాడు, త్యాగరాజస్వామి ఆరాధనలో మన పిల్లలు చేసిన వీణ కచేరీ గురించి మాత్రం వివరంగా చెప్పాలి.

తొమ్మిది మంది పిల్లలు, తొమ్మిది వీణలు. అందరికంటే చిన్నపాప ఐదో తరగతి. వీణ బుర్రను ఎడమ తొడ మీద ఆనించుకుంటే పాప సగం వీణ వెనకాలే ఉండిపోయింది. ఒక్కో వీణకు ఏడు తంత్రులు, మొత్తం 63. వాటన్నిటినీ ఒకే శ్రుతికి తేవడానికి టీచరుగారు మధ్యాహ్నం భోజనం మానేసి, దీపాలు పెట్టేవేళ దాకా బిరడాలు తిప్పుతూనే ఉన్నారు. త్యాగరాజస్వామి పంచరత్నాలనే ఐదు కృతుల్లో నాట, ఆరభి, శ్రీరాగాల్లోని మూడే వాయించారు. గౌళ వచ్చే ఏటికి సిద్ధమవుతుంది. వరాళి రాగం గురువు నేరుగా నేర్పకూడదన్న పెద్దల మాటను మన టీచరుగారు పాటిస్తారు.

ఆరభి మధ్యలో ఒక బాబుకు వీణలో ముఖ్యమైన తంత్రి, సారణి తెగింది. వాడు లేవలేదు. చిటికెనవేలితో పక్కనుండే తాళం తంత్రులు మీటుతూ ఆ కృతి అయ్యేదాకా కూర్చున్నాడు. మృదంగం వాయిస్తున్న పెద్దాయన వాడి వైపు తిరిగి తల ఊపడం ముందు వరుసలో ఉన్నవాళ్లంతా చూశారు. త్యాగయ్యగారి ఇంటిపేరు కాకర్ల. ఆ పేరుగల ఊరు కంభం పక్కన అర్ధవీడు మండలంలోనే ఉంది. మన పిల్లలు ఆయన కృతులు వాయిస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

వీణలను ఒళ్లో పెట్టుకుని టంగుటూరు, చీమకుర్తి నుంచి బస్సుల్లో వచ్చిన తల్లులకు, డబ్బు తీసుకోని మైకు కుర్రాడికి, పులిహోర వండి పంపిన అక్కయ్యలకు, పూలు తెచ్చిన బాబాయిగారికి, వేదిక అలంకరించిన యువకులకు సంఘం రుణపడి ఉంది.

పేర్లు ఇచ్చిన కార్యకర్తలు పన్నెండు మంది. ఆ సాయంత్రం వచ్చింది నలుగురు. కుర్చీలు నేనూ కోశాధికారిగారూ మోశాం. రాలేమని ముందే ఒక ఫోను చేసి ఉంటే వేరేవాళ్లను పిలుచుకునేవాళ్లం. హాలు అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ ఆరుసార్లు తిరిగాను. ముఖ్య అతిథిగా వస్తామన్న అధికారి కబురైనా పంపలేదు. ఆయన కోసం పిల్లల్ని ముప్పావుగంట కూర్చోబెట్టడం నా తప్పే, ఇకముందు అలా జరగనివ్వను.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది, ఆడిటరుగారు సరిచూశారు. చందా బకాయిలున్నవారు ఈ రోజే కట్టగలరు.

తొమ్మిది వీణల్లో నాలుగు అడిగి తెచ్చినవే. వాటిలో రెంటికి, స్వరస్థానాల మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి ఆ మెట్లు కదులుతున్నాయి. ఎవరింట్లోనైనా అమ్మమ్మగారి వీణ గుడ్డ కప్పి మూలన ఉంటే దయచేసి చెప్పండి. మైనం మళ్లీ పోయించి, తంత్రులు మార్పించుకునే ఖర్చు సంఘమే పెట్టుకుంటుంది. ఇంకో ఆరుగురు పిల్లలు వీణ లేక రోజూ పక్కన కూర్చుని చూస్తున్నారు.

ఇట్లు,
కార్యదర్శి
ఒంగోలు